బల్ల మీద పెట్టిన చంకకర్ర

నా కాలు చూసి దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. సంతలో, బస్సులో, ఆసుపత్రి వరండాలో, అన్నిటికంటే ఎక్కువగా మందిరంలో. ముందు కాలి వంక చూస్తారు, తర్వాత చంకకర్ర వంక చూస్తారు, ఆ తర్వాత కళ్లు మూసుకుని పెదాలు కదుపుతారు. ఆ పెదాలు ఏమంటున్నాయో నాకు బాగా తెలుసు. నన్ను ఇలా చేయనందుకు నీకు స్తోత్రం ప్రభువా, అని. ఇంతమంది చేత ప్రార్థన చేయించిన కాలు ఈ అరకు కొండల్లో ఇంకొకటి ఉండదు. అయినా బస్సులో లేచి సీటిచ్చిన పాపాన ఒక్కడూ పోలేదు.

నేను కూడా నా ఒంటి గురించి దేవుడికి కృతజ్ఞత చెప్పుకుంటాను. రోజూ పొద్దున్నే, మంచం దిగకముందే. కాకపోతే ఇంకొకరి ఒంటితో పోల్చుకుని కాదు. నా ఎడమ కాలు రెండు కాళ్ల పని ఒక్కటే చేస్తుంది, దానికి చెప్పుకుంటాను. నా కుడి చంకలో చర్మం చెప్పు అడుగులా గట్టిపడింది, ఇప్పుడది ఒరుసుకోదు, దానికి చెప్పుకుంటాను. నా వేళ్లు పండిన కాఫీ పండుని చూడకుండానే తడిమి కోస్తాయి, వాటికి చెప్పుకుంటాను. ఆఖర్న ఆ కుడి కాలికి కూడా చెప్పుకుంటాను. అది ఏ పనీ చెయ్యదు, సన్నగా వేలాడుతూ నాతో పాటు వస్తుంది. రెండేళ్ల వయసులో వచ్చిన జ్వరం నన్ను మొత్తంగా తీసుకుపోకుండా ఆ కాలితో సరిపెట్టుకుంది. అది తక్కువ మేలేం కాదు.

ఆ జ్వరం గురించి మూడు కథలు విన్నాను. మా ఊళ్లో పూజలు చేసే దిశారి, అమ్మ నన్నెత్తుకుని దాటకూడని వేళలో గెడ్డ వాగు దాటిందని చెప్పాడట. తర్వాత మేం దేవుణ్ణి నమ్ముకున్నాక కింద నుంచి వచ్చిన ఒక ఉపదేశి, ఇది తల్లిదండ్రుల పాపమని చెప్పాడు. డాక్టరు మాత్రం పోలియో అన్నాడు, చుక్కల మందు పడలేదన్నాడు. ఆ చుక్కల మందు మా కొండెక్కేసరికి నేను కర్రతో నడుస్తున్నాను. ముగ్గురిలో డాక్టరు ఒక్కడే అమ్మని తప్పు పట్టలేదు. అమ్మ మాత్రం ఆయన మాట తప్ప మిగతా ఇద్దరి మాటా నమ్మింది.

ఆ చంకకర్ర గురించి కూడా చెప్పాలి. అది మా అయ్య చేసింది. తునికి చెట్టుకి సహజంగా చీలిన పంగ చూసి కొట్టుకొచ్చి, నన్ను గోడకి ఆనించి నిలబెట్టి, చంక కింద బొగ్గుతో గీత గీసి కోసేవాడు. నేను ఎదిగిన కొద్దీ కొత్త కర్ర. కింద భాగంలో మోకాలి ఎత్తున ఒక చిన్న కొమ్మ మొదలు కొట్టేయకుండా వదిలేవాడు. కాఫీ తోటలో నేను ఎడమ కాలి మీద నిలబడి సిల్వర్ ఓక్ చెట్టుకి వీపు ఆనించుకుని, కర్ర తిరగేసి ఆ కొక్కేనికి కాఫీ కొమ్మ తగిలించి వంచుకుంటాను. కొమ్మ నా దగ్గరకే వస్తుంది. రెండు కాళ్లున్న ఆడవాళ్లు ఎగిరెగిరి అందుకునే పండు నేను నిలబడ్డ చోటే కోస్తాను. ఆఖరి కర్ర చేసిన ఏడాదే అయ్య పోయాడు. పద్దెనిమిదేళ్లుగా అదే కర్ర.

మధ్యలో ఒకసారి వికలాంగుల శిబిరంలో అల్యూమినియం కర్రలు ఇచ్చారు. ఇచ్చేటప్పుడు ఫొటో తీశారు గానీ నా ఎత్తు కొలవలేదు. వాటి రబ్బరు బూట్లు మా రాళ్ల దారిలో రెండు నెలలకే అరిగిపోయాయి. ఇప్పుడవి చిక్కుడు పాదుకి ఊతంగా ఉన్నాయి.

ఇంట్లో ఆ కర్రని ముట్టని మనిషి ఒక్కరే, మా అమ్మ. అది జారి కింద పడితే పక్కింటివాళ్లని పిలిచేది గానీ తను వంగేది కాదు. ఊడుస్తున్నప్పుడు అడ్డొస్తే చీపురుతో పక్కకి నెట్టేది. చిన్నప్పుడు అసహ్యం అనుకునేదాన్ని. పెద్దయ్యాక అర్థమైంది. కర్ర చేత్తో పట్టుకుంటే నా కాలు ఇక ఇంతేనని ఒప్పుకున్నట్టు. అమ్మ నలభై ఏళ్లుగా రోజూ ఆ కాలు కోసం ప్రార్థన చేస్తోంది. ఇంట్లో నేనున్నప్పుడు కూడా, నాకు వినబడేలాగే చేస్తుంది. నాకు ఒళ్లు మండేది. బాగుపడకపోతే నేను నీ బిడ్డని కానా అని ఒకటి రెండుసార్లు అడిగేశాను కూడా. మర్నాడు పొద్దున మళ్లీ అదే ప్రార్థన.

మా మందిరంలో ప్రతి ఏడాదీ కాఫీ కోతలు అయ్యే రోజుల్లో కృతజ్ఞతార్పణ పండుగ చేస్తాం. ఎవరికి పండింది వాళ్లు తెచ్చి ముందున్న బల్ల మీద పెడతారు. గుమ్మడికాయలు, మేం చోళ్లు అనే రాగులు, సామలు, కాఫీ గింజలు, మిరియాలు, కాళ్లు కట్టిన కోళ్లు. ఆరాధన అయ్యాక వాటికి వేలం పాట. పాట నడిపేది సంఘ పెద్ద, అమ్మని అప్పా అని పిలిచే సొంత తమ్ముడు, నాకు మావ. మావ దగ్గర మూడు నియమాలున్నాయి. బల్ల మీద పెట్టింది వెనక్కి రాదు. పెట్టినవాళ్లు దాన్ని పాడకూడదు. ఎవరూ పాడనిది ఆ రోజు వాక్యం చెప్పడానికి వచ్చిన అతిథికి పోతుంది. దేవుడికిచ్చింది తిరిగి తీసుకుంటే ఇంటికి చేటు అనే భయం మా పాత దేవతల నాటిది. దేవుణ్ణి మార్చుకున్నారు గానీ ఆ భయాన్ని సంచిలో వేసుకుని మందిరంలోకి తెచ్చుకున్నారు. ఒకసారి ఒకావిడ చూసుకోకుండా పొదిగే పెట్టని తెచ్చి పెట్టేసింది. ఇంట్లో గుడ్లు చల్లారిపోతున్నాయని ఏడ్చినా మావ వినలేదు. ఆ పెట్టని ఎవరో పాడుకుని కూర వండుకున్నారు.

పోయిన ఏడాది పండుగకి అతిథిగా వచ్చినాయన కింద పట్నంలో పెద్ద మందిరం ఉన్నవాడు. స్వస్థత ప్రార్థనలకు పేరున్నవాడట. కల్వర్టు దగ్గర కారు ఆపి, తెల్ల బూట్లతో మా కొండ ఎక్కడానికి నాలుగుసార్లు ఆగాడు. వెనక కీబోర్డు వాయించే ఆయన ఒక పెట్టె, ఫోను నిలబెట్టే మూడు కాళ్ల స్టాండు మోసుకొచ్చాడు. భోజనం మా ఇంట్లో. మావ ఇంట్లో చోటు లేదని అమ్మే అడిగి మరీ పిలుచుకుంది.

ఆయన కోడికూర తిన్నాక జేబులోంచి చిన్న డబ్బా తీసి మూడు రకాల మాత్రలు వేసుకున్నాడు. ఒకటి షుగరుకి, ఒకటి బీపీకి, ఇంకొకటి మోకాలికని కీబోర్డు ఆయన నాకు చెప్పాడు. తర్వాత ప్యాంటు పైకి మడిచి, ఒక గొట్టంలోంచి మందు పిండి మోకాలికి రాసుకున్నాడు. మాత్రలు వేసుకున్నందుకు నేనేం తప్పు పట్టను. దేవుడు ఇచ్చిన మందు దేవుడు ఇచ్చిన మోకాలికి రాసుకోవడం మంచి పనే. ఆ చేతిని తుడుచుకుంటూ ఆయన నా వైపు కాకుండా అమ్మ వైపు తిరిగాడు.

"మీ కుమార్తెకు విశ్వాసం ఉందా అమ్మా?" అని అడిగాడు, ఆవు పాలిస్తుందా అని అడిగినట్టు.

"ఉంది బాబూ. ఉంది గానీ నోరు జాస్తి," అంది అమ్మ.

మధ్యాహ్నం ఆరాధన మొదలైంది. ఆయన వాక్యం కూడా ఆ రోజు ఒంటి గురించే. దేవుడు మనకు చేతులిచ్చాడు కాబట్టి చప్పట్లు కొట్టాలి, కాళ్లిచ్చాడు కాబట్టి ఆయన సన్నిధిలో గంతులు వేయాలి, అలా చేయనివాళ్లు కృతజ్ఞత లేనివాళ్లు. అందరూ లేచి గెంతారు. మావ కూడా ముసలి మోకాళ్లతో రెండు గంతులు వేశాడు. నేను చాప మీద కూర్చుని చూస్తున్నాను. మా ప్రభువు చనిపోయి లేచాక కూడా మేకులు దిగిన గాయాలు ఒంటి మీద అలాగే ఉంచుకున్నాడు. కావాలంటే పూడ్చుకోలేడా. ఆ గాయాలు చూపించే తనవాళ్లని పలకరించాడు. ఇంత పెద్ద మైకు పెట్టుకుని వచ్చినాయనకి ఆ సంగతి ఎందుకు గుర్తురాలేదో నాకు ఇప్పటికీ తెలియదు.

గంతులు ఆగాక ఆయన నన్ను పిలిచాడు. "సహోదరీ, ఈ రోజు నీ దినం," అన్నాడు. కీబోర్డు ఏడుపు రాగం ఎత్తుకుంది. నేను కదల్లేదు. కదిలేదాన్ని కూడా కాదు. వెనక నుంచి అమ్మ నా వీపు మీద చెయ్యి పెట్టింది.

"ఎల్లు తల్లీ," అంది. "నీకోసరం కాదు, నా కోసరం ఎల్లు."

నలభై ఏళ్లలో అమ్మ నన్ను బతిమాలడం అదే మొదలు. వెళ్లాను.

ఆయన నా నెత్తి మీద చెయ్యి పెట్టి గట్టిగా నొక్కుతూ కేకలు వేశాడు. ఆ చేతికి ఇంకా మోకాలి మందు వాసన ఉంది. నేను ఎవరినీ వదలకుండా తిడుతున్నాను కదా, నన్నూ వదలను. ఆ కేకల మధ్య, ఆ రాగం మధ్య, వెనక అమ్మ ఏడుపు వింటూ, నా కుడి మోకాలు వెచ్చబడినట్టు నాకే అనిపించింది. వెర్రిదాన్నయిపోయాను. ఆయన కర్ర బల్ల మీద పెట్టెయ్యమన్నాడు, ఇక నీకు దానితో పని లేదన్నాడు. నేను నా చేత్తోనే, మిరియాల బుట్టకీ గుమ్మడికాయకీ మధ్య పెట్టేశాను. బల్ల అంచు పట్టుకుని రెండు అడుగులు వేశాను. అంతా చప్పట్లు కొట్టారు. ఆ వీడియో ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతోంది, రెండో అడుగు దగ్గర ఆగిపోతుంది. మూడో అడుగుకి నేను బల్ల కాలి పక్కన కూలబడ్డాను. "ఆత్మలో పడిపోయింది," అని ఆయన మైకులో చెప్పాడు. పడిపోయింది కాలు లేక. ఒంటికి ఆ మాత్రం తెలివి ఉంది, నాకే లేకపోయింది.

అక్కడి నుంచి నేను కదలలేదు. ఎవరైనా లేపి చాప దగ్గరకి తీసుకెళితే బాగుండును, కానీ స్వస్థత పొందిన మనిషిని ఎవరు లేపుతారు? ఈలోగా మావ పుస్తకం, పెన్సిలు పట్టుకుని పాట మొదలుపెట్టాడు. గుమ్మడికాయలు పోయాయి, కోళ్లు పోయాయి, నా కాఫీ గింజల బుట్ట కూడా పోయింది. బల్ల ఖాళీ అయిపోయాక మావ నా కర్ర చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది కానుకేనా గుంటా?" అని నన్ను అడిగాడు. నాకు నలభై దాటినా మావకి నేను ఇంకా గుంటనే, చిన్నపిల్లనే.

నేను నోరు తెరిచేలోపు అతిథి మైకు అందుకున్నాడు. "ఇది సాక్ష్యపు కానుక. మేం తీసుకెళ్లి మా మందిరం గోడకు తగిలిస్తాం. అక్కడ ఇలాంటివి చాలా ఉన్నాయి."

చాలా ఉన్నాయట. ఆ కర్రలు వదిలినవాళ్లంతా ఆ రోజు ఇళ్లకి ఎలా వెళ్లారో, ఎవరి వీపు మీద వెళ్లారో ఆయన ఎప్పుడైనా అడిగాడా అనుకున్నాను. ఆ కర్ర కొండ దిగిపోతే రేపు తోటకి వెళ్లలేను. పెరట్లోకి వెళ్లడానికి కూడా అమ్మని పిలవాలి. నా చంక కింద గీత గీసి కొలత తీసిన మనిషి మట్టిలో ఉన్నాడు.

"తీసుకెల్లడం కుదరదు బాబూ," అన్నాడు మావ. "ముందు పాట ఎట్టాల. ఎవులూ పాడకపోతే అప్పుడు నీదే."

"మావా, నాను పాడతాను," అన్నాను.

"ఇచ్చినోలు పాడకూడదు. నీకు తెల్దా?"

తెలుసు. పొదిగే పెట్ట కోసం ఏడ్చినావిడ అప్పుడు నా పక్కనే కూర్చుంది, రూలు రూలే కదా అని నేనే ఆమెకి చెప్పాను. ఇప్పుడు అందరి వంకా చూశాను. అందరూ నేల చూస్తున్నారు. ఆ గదిలో నేను గింజలు ఏరిపెట్టని ఇల్లు లేదు. నా కర్ర కొక్కెంతో వాళ్ల కొమ్మలు కూడా వంచి పెట్టాను. ఒక్క మాట అంటే సరిపోతుంది, కానీ అంటే స్వస్థత జరగలేదని అతిథి ముఖాన చెప్పినట్టవుతుంది. పైగా కుంటిదాని కర్ర ఇంటికి తెచ్చుకుంటే ఇంట్లో ఇంకొకరికి కాలు పోతుందని మా వాళ్ల నమ్మకం. ఇందాక గంతులు వేసిన కాళ్లన్నీ చాపల మీద ముడుచుకున్నాయి. అంత విశ్వాసం వీళ్లది. ఛీ అనిపించింది.

"ఒకటోసారి," అన్నాడు మావ.

అతిథి తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నాడు.

"రెండోసారి."

"కుంచెడు సోళ్లు," అంది అమ్మ.

ఎవరూ అనుకోలేదు. నేను అసలే అనుకోలేదు. అమ్మ లేచి నిలబడింది. ఇందాక ఏడ్చిన ముఖం ఇంకా తుడుచుకోలేదు.

అతిథి నవ్వు ముఖంతోనే మైకు ఎత్తాడు. "అమ్మా, తల్లివి నువ్వే అవిశ్వాసం చూపిస్తే ఎలా? ప్రభువు నీ కుమార్తెను ముట్టాడు. ఆ కర్ర మళ్లీ ఇంటికి తీసుకెళితే పొందిన మేలు పోతుంది."

అమ్మ ఆ మాట విని ఆగిపోయింది. ఆ మనిషి సరిగ్గా ఎక్కడ నొక్కాలో అక్కడే నొక్కాడు. దిశారి మాట నమ్మిన మనిషి అది, ఉపదేశి మాట నమ్మిన మనిషి. ఈ మాట కూడా నమ్మేస్తుందనుకున్నాను. మావ పెన్సిలు పుస్తకం మీద ఆనించి ఆగాడు. అమ్మ నా వైపు చూసింది, బల్ల కాలు పట్టుకుని కూర్చున్న నన్ను, పక్కకి మడిచిపెట్టుకున్న నా కుడి కాలిని.

"ముట్టాడో నేదో నాకు తెల్దు బాబూ," అంది. "నలభై ఏల్లు అడిగినాను. ఇయ్యాల నువ్వొచ్చినావని మల్లీ అడిగినాను. నా గుంట అక్కడే కూకుండిపోనాది, నాకు కల్లున్నాయి కదా. ఇంక అడగను. ఆ కాలు నా కడుపులోంచి వచ్చిన కాలే, దేవుడిచ్చిందే. దానికి కర్ర కావాల. రాసుకో తమ్ముడూ."

"ఇద్దరిదీ ఒకే ఇల్లు కదా పెద్దాయనా, మీ నియమం ఒప్పుకుంటుందా?" అన్నాడు అతిథి. మైకు దింపి అడిగాడు ఈసారి.

మావ కాసేపు ఆలోచించాడు. ఆయన ఆలోచించే తీరు చూస్తే నాకు ఎప్పుడూ చిరాకే. ఆ రోజు మాత్రం నా ప్రాణాలు ఆ ఆలోచన మీదే ఉన్నాయి.

"ఇచ్చినోలు పాడకూడదన్నాం," అన్నాడు చివరికి. "ఇచ్చినోలి అమ్మ పాడకూడదనలేదు. మూడోసారి. అప్పది."

పుస్తకంలో రాసుకుని కర్రని అమ్మకి చాచాడు. అమ్మ చేతులు వెంటనే ముందుకి రాలేదు. పైటకి తుడుచుకుంది, మళ్లీ తుడుచుకుంది. అప్పుడు పట్టుకుంది, నిద్రపోతున్న పిల్లని అందుకున్నట్టు రెండు చేతులతో. జనం మధ్యలోంచి నడిచి నా దగ్గరకి వచ్చి కూర్చుంది. పంగ దగ్గర చుట్టిన గుడ్డ పక్కకి జరిపి చెయ్యి పెట్టింది. గుడ్డ కింద కర్ర నా చంకకి అరిగి నున్నగా అయిపోయి ఉంటుంది. అక్కడ వేళ్లు రాస్తూ ఉండిపోయింది.

"ఇక్కడ ఇలగ అరిగిపోనాదేటి?" అంది.

"పద్దెనిమిదేళ్లయింది కదమ్మా."

"నొప్పెట్టదా?"

"మొదట్లో నొప్పెట్టేది. ఇప్పుడు లేదు."

ఎప్పట్నుంచి నొప్పి లేదని అడగలేదు. అడిగి ఉంటే నాకు ఏడుపు వచ్చేది. అతిథి కీబోర్డు ఆయనతో పెట్టె సర్దమని చెబుతున్నాడు. అమ్మ లేచి నిలబడి నాకు ఒక చెయ్యి ఇచ్చింది. నేను ఎడమ కాలి మీద లేచి ఆమె భుజం పట్టుకున్నాను. కళ్లంలో కాఫీ గింజలు ఆరబెట్టి ఉన్నాయి, మంచు దిగేలోపు వాటి మీద బరకం కప్పాలి. ఆ సంగతి చెప్పాను. పద అంది గానీ కదల్లేదు. కర్రని ఇటు తిప్పింది, అటు తిప్పింది, పంగ పైకి పెట్టి నా చంక కిందకి తెచ్చి, కొక్కెం ముందుకి రావాలో వెనక్కి పోవాలో తెలియక మళ్లీ ఆగిపోయింది.

"కొక్కెం ఏ పక్కకమ్మా?" అని అడిగింది.